కోక్ గట్టిదనం ఎక్కడ తయారవుతుంది?

మిత్రులందరికీ నమస్కారం.

ఒకే బొగ్గును, ఒకే పాళ్లలో కలిపిన ఒకే బ్లెండ్‌ను రెండు వేర్వేరు కోక్ ఓవెన్ బ్యాటరీలకు, అంటే బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి కోక్‌గా మార్చే ఓవెన్ల వరుసలకు, పంపారనుకోండి. ఒకచోట బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి) వారు నిశ్చింతగా వాడుకునే గట్టి కోక్ వస్తుంది. రెండోచోట అదే బ్లెండ్ నుంచి స్క్రీన్లు (జల్లెడలు) చేరేలోపే చితికి బ్రీజుగా, అంటే కోక్ పొడిగా, రాలిపోయే కోక్ వస్తుంది. బొగ్గు మారలేదు. మరి మారినదేమిటి? ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న గురించే. కోక్ నాణ్యత అనగానే మనమందరం మొదట బొగ్గు కొనుగోలు గురించి మాట్లాడతాం. అది న్యాయమే, బొగ్గులో లేని గుణాన్ని ఓవెన్ సృష్టించలేదు. అయితే బొగ్గులో ఉన్న గుణాన్ని నిలబెట్టడమో, పాడుచేయడమో మాత్రం పూర్తిగా మన చేతుల్లో ఉంది. నిల్వ దగ్గర, క్రషర్ దగ్గర, ఓవెన్‌లో బొగ్గు నింపే చార్జింగ్ దగ్గర, గోడల వెనుక వాయువు మండే ఫ్లూల దగ్గర, చివరికి కోక్‌ను చల్లార్చే క్వెంచింగ్ టవర్ కింద కూడా మన చేతుల్లోనే ఉంది.

ముందుగా కోక్ నుంచి మనం ఆశించేదేమిటో గుర్తుచేసుకుందాం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ మండి వేడినిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌గా మారి ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేస్తుంది, కరిగిన ఇనుములోకి కార్బన్‌ను అందిస్తుంది. ఈ మూడు పనులూ కొంతవరకు వేరే ఇంధనాలతో చేయించవచ్చు. పొడి బొగ్గును ట్వీయర్ల (ఫర్నేస్‌లోకి వేడిగాలి ఊదే గొట్టాల) గుండా ఊదుతున్నది అందుకే. నాలుగో పని మాత్రం కోక్ తప్ప మరొకటి చేయలేదు. ఖనిజం మెత్తబడి కరిగిపోయే మండలం కింద, అంత ఎత్తైన ఫర్నేస్‌లో ఘనరూపంలో మిగిలేది కోక్ ఒక్కటే. పైనున్న బరువునంతటినీ అది మోయాలి, పైకి వెళ్లే వాయువుకు దారి ఇవ్వాలి, కిందికి కారే ఇనుముకూ, మలినాలు కరిగిన స్లాగ్‌కూ దారి ఇవ్వాలి. పొడి బొగ్గు వాడకం పెరిగిన ఫర్నేసుల్లో టన్ను ఇనుముకు వాడే కోక్ 300 కిలోల దగ్గరకు కూడా దిగింది. అంటే ఏమిటి? ఉన్న కొద్దిపాటి కోకే ఎక్కువ సేపు లోపల ఉండాలి, ఎక్కువ బరువు మోయాలి, ఎక్కువ రసాయన దాడిని తట్టుకోవాలి. కోక్ తగ్గినకొద్దీ మిగిలిన ప్రతి ముక్క మీదా బాధ్యత పెరుగుతుందన్నమాట.

1709లో అబ్రహాం డార్బీ ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్‌లో కోక్‌తో ఇనుము కరిగించిన నాటి నుంచి నేటి వరకు మూలసూత్రం మారలేదు. బొగ్గును గాలి తగలకుండా వేడిచేయాలి, అంతే. మారినవన్నీ ఆ వేడిచేసే పరిస్థితులే.

ఇక అసలు విషయానికి వద్దాం. కోకింగ్ బొగ్గును గాలి లేకుండా వేడిచేస్తే ఏం జరుగుతుంది? నేను చెప్పే ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే. 100 డిగ్రీల దగ్గర తేమ పోతుంది. సుమారు 350 నుంచి 400 డిగ్రీల మధ్య బొగ్గు రేణువులు మెత్తబడటం మొదలవుతుంది. అణువులు తెగి తారు ఆవిరి, వాయువులు పుడతాయి. మెత్తబడిన రేణువులు ఉబ్బుతాయి, పక్క రేణువులను తాకుతాయి, వాటితో కలిసిపోతాయి. 450 నుంచి 500 డిగ్రీలకు చేరేసరికి ఆ ముద్ద మళ్లీ గట్టిపడి సెమీకోక్ అవుతుంది. అక్కడి నుంచి 1000 డిగ్రీల వరకు అది ముఖ్యంగా హైడ్రోజన్‌ను వదులుతూ కుంచించుకుపోతుంది, బీటలు వారుతుంది, గట్టిపడుతుంది.

ఇందులో 350 నుంచి 500 వరకు ఉన్న భాగాన్ని ప్లాస్టిక్ దశ అంటున్నాం. ఈ ఒక్క మాటను పట్టుకోండి, తక్కినవన్నీ దీని చుట్టూ తిరుగుతాయి. ప్లాస్టిక్ దశకు ముందు మన దగ్గర ఉన్నది విడివిడి రేణువుల పొడి. ఆ దశ తర్వాత ఉన్నది ఒకే గట్టి పదార్థం. రేణువుకూ రేణువుకూ మధ్య అతుకు ఎంత బాగా పడింది, రంధ్రాలు ఎంత పెద్దవి, రంధ్రాల మధ్య గోడలు ఎంత మందం, ఆ గోడల్లో కార్బన్ పొరలు ఎంత క్రమంగా పేరుకున్నాయి, ఇవన్నీ ఆ నూటయాభై డిగ్రీల లోపే తేలిపోతాయి. మెత్తబడిన ద్రవంలో కార్బన్ అణువుల పలకలు ఒకదానిపై ఒకటి వరుసలు తీరి చిన్న గోళాలుగా ఏర్పడతాయని, ఆ గోళాలు కలిసి కోక్ నిర్మాణానికి పునాది వేస్తాయని 1960లలో బ్రూక్స్, టేలర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మైక్రోస్కోపు కింద మంచి కోక్‌లో కనిపించే మొజాయిక్ నిర్మాణం అక్కడ పుట్టినదే. కనుక ఏ ప్రక్రియ మార్పు గురించి విన్నా మనం అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ మార్పు ప్లాస్టిక్ దశలో ఏం చేస్తుంది?

ఇప్పుడు ఓవెన్ లోపలికి చూద్దాం. గది వెడల్పు సాధారణంగా 400 నుంచి 600 మిల్లీమీటర్లు, ఎత్తు 4 నుంచి 8 మీటర్లు, పొడవు 13 మీటర్ల పైమాటే. రెండు పక్కల సిలికా ఇటుక గోడలు, వాటి వెనుక మండే ఫ్లూలు. వేడి రెండు గోడల నుంచి మధ్యకు ప్రయాణిస్తుంది. దాంతో గోడకు ఆనుకున్న బొగ్గు చార్జింగ్ అయిన కొద్దిసేపటికే ప్లాస్టిక్ దశకు చేరితే, నడిమి బొగ్గు గంటల తరబడి 100 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది. తేమ ఆవిరై లోపలికి వెళ్లి, అక్కడి చల్లని బొగ్గుపై మళ్లీ నీరై, మళ్లీ ఆవిరవుతూ ఉంటుంది. ఏ క్షణంలో చూసినా గోడ వైపు కోక్, దాని తర్వాత సెమీకోక్, దాని తర్వాత సన్నని ప్లాస్టిక్ పొర, దాని తర్వాత పచ్చి బొగ్గు ఉంటాయి. రెండు వైపుల నుంచి రెండు ప్లాస్టిక్ పొరలు గంటకు ఇంచుమించు 25 మిల్లీమీటర్ల చొప్పున వెడల్పును కోక్‌గా మారుస్తూ నడిమికి వచ్చి కలుసుకుంటాయి.

మీలో ఎవరికైనా వార్ఫ్ (చల్లార్చిన కోక్‌ను పోసే వేదిక) మీద నిలబడే అవకాశం వస్తే, చల్లారిన ఒక నిలువు ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. దాని పొడవు ఓవెన్ వెడల్పులో సగానికి మించదు. ఎందుకంటే అది గోడ నుంచి నడిమి వరకు పెరిగిన ముక్క. ఒక కొన గరుకుగా, కాలీఫ్లవర్ పువ్వులా పగిలి ఉంటుంది. అది గోడకు ఆనుకున్న కొన, అన్నిటికంటే వేగంగా వేడెక్కిన చోటు. మధ్యభాగం బిగువుగా, నిలువు బీటలతో ఉంటుంది. రెండో కొన స్పాంజిలా, పెద్ద రంధ్రాలతో ఉంటుంది. అది రెండు ప్లాస్టిక్ పొరలు కలిసిన చోటు. ఒకే బొగ్గు, ఒకే ఓవెన్, ఒకే ముక్క. అందులోనే మూడు రకాల కోక్! వేడెక్కే తీరు మారితే కోక్ మారుతుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను చూపించలేను.

ఓవెన్‌లోకి వెళ్లకముందు

ప్రక్రియ చార్జింగ్ హోల్ దగ్గర మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది స్టాక్ యార్డులోనే మొదలవుతుంది. గని నుంచి వచ్చిన బొగ్గు ఆరుబయట గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లగా పీల్చుకుంటుంది. దాని వల్ల మొట్టమొదట దెబ్బతినేది ఫ్లూయిడిటీ, అంటే ప్లాస్టిక్ దశలో బొగ్గు ఎంత పలచబడుతుందనే గుణం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బూడిద శాతం మారదు, వోలటైల్ (వేడికి వాయువుగా పోయే భాగం) శాతంలో పెద్ద తేడా కనిపించదు, బొగ్గు ఎంత ఉబ్బుతుందో చెప్పే స్వెల్లింగ్ నంబరు కూడా కొంతకాలం పాత అంకే చూపిస్తుంది. కాగితం మీద బొగ్గు బాగానే ఉంటుంది, గీసెలర్ పరీక్షలో మాత్రం ఫ్లూయిడిటీ పడిపోయి ఉంటుంది. అందుచేత యార్డులో ముందు వచ్చినది ముందు వాడటం, కుప్పలను వదులుగా వదిలేయకుండా దగ్గరగా అణచడం, ఎక్కువకాలం నిలిచిన బొగ్గుకు మళ్లీ ఫ్లూయిడిటీ పరీక్ష చేయించడం, ఇవన్నీ కోక్ నాణ్యతకు సంబంధించిన పనులే. వీటిని కేవలం యార్డు నిర్వహణగా లెక్కవేసే అలవాటు మానుకోవాలని నా మనవి.

తర్వాత క్రషింగ్. పైనుంచి పోసే చార్జింగ్‌కు సాధారణంగా 75 నుంచి 85 శాతం బొగ్గు 3 మిల్లీమీటర్ల లోపు ఉండేలా నలగగొడతారు. ఎందుకు నలగగొట్టాలి? బొగ్గులో వేడికి మెత్తబడే భాగాలూ ఉంటాయి, మెత్తబడని భాగాలూ ఉంటాయి. విట్రినైట్ మెత్తబడుతుంది, ఇనర్టినైట్‌లో ఎక్కువ భాగం మెత్తబడదు, రాతి బూడిద అసలే మెత్తబడదు. మెత్తబడని పెద్ద రేణువు ఒకటి కోక్‌లో చిక్కుకుందనుకోండి. చుట్టూ ఉన్న పదార్థం కుంచించుకుంటున్నప్పుడు అది అంతగా కుంచించుకోదు, దాని అంచుల దగ్గర బీట పుడుతుంది. అదే రేణువును సన్నగా నూరితే మెత్తబడిన బొగ్గు దాన్ని చుట్టేసి తనలో కలుపుకుంటుంది, అప్పుడది గోడకు బలం కూడా ఇస్తుంది. అంటే గట్టి భాగం సన్నగా ఉండాలి. మరి మొత్తం బొగ్గునూ పిండిలా నూరితే సరిపోతుందా? సరిపోదు. మెత్తబడే భాగాన్ని అతిగా నూరితే దాని నుంచి వాయువు తొందరగా తప్పించుకుంటుంది, ఉబ్బే శక్తి తగ్గుతుంది, పైగా పొడి ఎక్కువైతే చార్జి వదులుగా పడుతుంది. ఒకే క్రషర్‌లో అన్ని బొగ్గులనూ కలిపి వేసినప్పుడు మెత్తని బొగ్గు అవసరానికి మించి నలుగుతుంది, గట్టిది పెద్దగానే మిగులుతుంది. మనకు కావలసినదానికి సరిగ్గా తలకిందులు. గట్టి బొగ్గులను విడిగా క్రష్ చేసి తర్వాత కలిపే పద్ధతి పుట్టింది ఇందుకే. ఖర్చు ఎక్కువని దాన్ని పక్కన పెడుతుంటారు, కానీ ఇనర్టినైట్ ఎక్కువగా ఉన్న బొగ్గులు వాడేవారికి నేను గట్టిగా సిఫారసు చేసేది ఈ పద్ధతినే.

ఇప్పుడు తేమ, బల్క్ డెన్సిటీ (ఒక ఘనపు మీటరు జాగాలో పట్టే బొగ్గు బరువు). ఈ రెండింటినీ విడదీయలేం కనుక కలిపే చెబుతాను. రేణువుల మధ్య ఖాళీ ఎంత తక్కువగా ఉంటే మెత్తబడినప్పుడు అవి ఒకదాన్నొకటి అందుకోవడం అంత సులువు. బాగా ఉబ్బే బొగ్గు పెద్ద ఖాళీని కూడా నింపగలదు, కొద్దిగా ఉబ్బే బొగ్గు నింపలేదు. కనుక బొగ్గు ఎంత బలహీనమైనదైతే డెన్సిటీ అంత అవసరం. ఇప్పుడు తేమ ఏం చేస్తుందో చూడండి. రేణువుల మీద పలచని నీటి పొర ఉన్నప్పుడు అవి ఒకదానికొకటి అంటుకుని, జారి సర్దుకోలేక, మధ్యలో ఖాళీలు వదిలేస్తాయి. పూర్తిగా ఎండిన బొగ్గు బాగా సర్దుకుంటుంది. తేమ పెరిగినకొద్దీ డెన్సిటీ తగ్గి, సుమారు 6 నుంచి 8 శాతం మధ్య అడుగుకు చేరి, ఆపైన మళ్లీ కొద్దిగా పెరుగుతుంది. విచారకరమైన సంగతేమిటంటే, మామూలుగా యార్డు నుంచి వచ్చే బొగ్గు తేమ ఈ అడుగు ప్రాంతంలోనో, దానికి కాస్త పైనో ఉంటుంది.

తేమ నష్టం అక్కడితో ఆగదు. ప్రతి శాతం నీటినీ ఆవిరి చేయడానికి ఫ్లూల నుంచి వేడి తీసుకోవాలి, అంటే కోకింగ్ సమయం పెరుగుతుంది. తేమ రోజుకొక తీరుగా ఉంటే ఇంకా ప్రమాదం. ఫ్లూ ఉష్ణోగ్రత స్థిరంగా ఉంది, సమయం స్థిరంగా ఉంది, బొగ్గు మాత్రం నిన్నటికంటే తడిగా వచ్చింది. ఫలితం ఏమవుతుంది? నడిమి కోక్ పచ్చిగా ఉండగానే పుష్ చేస్తాం, అంటే ఓవెన్ నుంచి బయటికి నెట్టేస్తాం. వానాకాలంలో కోక్ గుణం ఊగిసలాడుతోందని ఫిర్యాదు చేసేవారు ముందుగా చూడవలసినది తేమలోని హెచ్చుతగ్గులనే. సగటు తేమ ఎంత అన్న ప్రశ్న ఆ తర్వాతది. బొగ్గును ముందే 5, 6 శాతం తేమ వరకు ఆరబెట్టి చార్జ్ చేసే పద్ధతి ఉంది, సుమారు 200 డిగ్రీల వరకు ప్రీహీట్ చేసి చార్జ్ చేసిన బ్యాటరీలూ ఉన్నాయి. రెండింటిలోనూ డెన్సిటీ పెరుగుతుంది, సమయం తగ్గుతుంది. అయితే ఎండిన సన్నపొడి వాయువుతో పాటు ఎగిరి గ్యాస్ మెయిన్లలోకి చేరి తారును పాడుచేస్తుంది, ఓవెన్ పైకప్పు మీద కార్బన్ పేరుకుంటుంది. పొడిని వేరుచేసి ఉండలు కట్టి కలపడం, చార్జిలో కొంత భాగాన్ని బ్రికెట్లుగా వేయడం, కొద్దిపాటి నూనె చల్లడం వంటివన్నీ ఈ సమస్యకు వెతికిన పరిష్కారాలే.

స్టాంప్ చార్జింగ్ దీనికి పూర్తిగా వేరే దారి. ఇక్కడ బొగ్గును 88 నుంచి 92 శాతం వరకు 3 మిల్లీమీటర్ల లోపుకు నలగగొట్టి, తేమను 10 శాతం చుట్టుపక్కల ఉంచి, ఓవెన్ కంటే కాస్త సన్నని పెట్టెలో బరువైన రోకళ్లతో దంచి దిమ్మలా చేసి, పక్క తలుపు గుండా లోపలికి నెడతారు. పైనుంచి పోసినప్పుడు ఘనపు మీటరుకు 700 నుంచి 750 కిలోలుండే డెన్సిటీ ఇక్కడ 1000 నుంచి 1150 కిలోలకు చేరుతుంది. తడి బొగ్గు వాడుతున్నారే, తేమ చెడ్డదన్నారు కదా అని మీకు సందేహం రావచ్చు. దిమ్మ విరగకుండా నిలబడాలంటే ఆ తేమ కావాలి. తేమ వల్ల పోయే డెన్సిటీని రోకలి దెబ్బ అంతకంటే ఎక్కువగా తిరిగి తెస్తుంది. రేణువులు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు తక్కువ ఫ్లూయిడిటీ ఉన్న బొగ్గు కూడా అతుక్కోగలదు. బలహీనమైన బొగ్గులను బ్లెండ్‌లో ఎక్కువ పాళ్లలో వాడి, అదే గట్టిదనాన్ని పొందడానికి ఇది నిజమైన మార్గం.

అలాగైతే అందరం ఎంత వీలైతే అంత దంచుదామా? ఇక్కడే గోడ మీది ఒత్తిడి గురించి చెప్పాలి. దయచేసి శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఈ ఒక్క విషయంలో అజాగ్రత్త బ్యాటరీ ఆయుష్షునే తినేస్తుంది. ప్లాస్టిక్ పొర వాయువును సులభంగా దాటనివ్వదు. రెండు గోడల వైపు నుంచి వచ్చే పొరలు, పైనా కిందా ఏర్పడే పొరలు కలిసి లోపలి బొగ్గు చుట్టూ ఒక మూసిన సంచిలా ఏర్పడతాయి. పొర లోపల పుట్టిన వాయువు ఒత్తిడి గట్టిపడిన కోక్ గుండా గోడకు చేరుతుంది. రెండు పొరలు నడిమిలో కలిసే వేళకు అది శిఖరానికి చేరుతుంది. డెన్సిటీ పెరిగితే ఈ ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. తక్కువ వోలటైల్ ఉన్న, మంచి ర్యాంకు కోకింగ్ బొగ్గుల్లో కొన్ని ఇంకా ప్రమాదకరం. బొగ్గు ఎంత మంచిదైనా, ఒంటరిగా డెన్స్‌గా చార్జ్ చేస్తే గోడను వంచగలదు. దానికి తోడు, కోక్ చివరికి కొన్ని మిల్లీమీటర్లైనా కుంచించుకుని గోడను వదలాలి. వదలకపోతే పుషర్ రామ్ నెట్టినప్పుడు కదలదు, లేదా గోడను రాపాడుతూ బయటికొస్తుంది. పుషర్ మోటారు కరెంటు రోజురోజుకూ పెరుగుతోందంటే ఓవెన్ మనకు ముందుగానే చెబుతోందన్నమాట. ఆ అంకెను నమోదు చేసి వదిలేయకుండా ఓవెన్ వారీగా పోల్చి చూసే బ్యాటరీల్లో గోడలు ఎక్కువకాలం నిలుస్తాయి. కొత్త బ్లెండ్‌ను గోడ మీది ఒత్తిడిని కొలవడానికి కదిలే గోడ ఉన్న పైలట్ (చిన్న ప్రయోగ) ఓవెన్‌లో పరీక్షించకుండా డెన్సిటీ పెంచడం ఎంతమాత్రం తగదని నా నిశ్చితాభిప్రాయం.

ఓవెన్ లోపల

వేడెక్కే వేగం గురించి రెండు వాదనలు వింటుంటాం. వేగంగా వేడిచేస్తే కోక్ గట్టిపడుతుందని ఒకరు, నెమ్మదిగా వేడిచేస్తేనే మంచి కోక్ వస్తుందని మరొకరు. ఇద్దరి మాటా నిజమే, ఇద్దరూ చూస్తున్నది రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర జరిగే రెండు వేర్వేరు సంగతులు.

మొదటిది ప్లాస్టిక్ దశలో జరిగేది. బొగ్గు వేగంగా వేడెక్కితే మెత్తబడే ఉష్ణోగ్రతా పైకి జరుగుతుంది, గట్టిపడే ఉష్ణోగ్రతా పైకి జరుగుతుంది, అయితే గట్టిపడేది ఎక్కువగా జరుగుతుంది. కనుక ప్లాస్టిక్ దశ విశాలమవుతుంది, ఫ్లూయిడిటీ పెరుగుతుంది, అతుకు బాగా పడుతుంది. తక్కువగా మెత్తబడే బొగ్గులకు ఇది పెద్ద వరం. జపాన్‌లో స్కోప్21 పేరుతో అభివృద్ధి చేసిన పద్ధతిలో, చార్జింగ్‌కు ముందే బొగ్గును మెత్తబడే ఉష్ణోగ్రత దగ్గరి వరకు అతివేగంగా వేడిచేయడంలోని ఉద్దేశం ఇదే.

రెండోది గట్టిపడిన తర్వాత జరిగేది. సెమీకోక్ 500 డిగ్రీల దగ్గర ఒకసారి, 700 డిగ్రీల ప్రాంతంలో మరోసారి బాగా కుంచించుకుంటుంది. వేగంగా వేడిచేస్తే పక్కపక్క పొరల మధ్య ఉష్ణోగ్రత తేడా ఎక్కువగా ఉంటుంది, ఒక పొర కుంచించుకుంటున్న వేళ పక్క పొర ఇంకా కుంచించుకోదు. ఆ లాగుడుకు బీటలు పడతాయి. ఫలితం చిన్న ముక్కలు. నెమ్మదిగా వేడిచేస్తే తేడా తక్కువ, బీటలు తక్కువ, కోక్ పెద్దది. సన్నగా నూరిన బ్రీజునో, పెట్రోలియం కోక్‌నో కొద్దిగా కలిపి కుంచించుకుపోవడాన్ని తగ్గించడం కూడా బీటలను అదుపు చేసే మార్గమే. అయితే ముతకగా నూరితే ఆ రేణువే బీటకు మూలమవుతుంది.

అంటే వేగం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంటోంది. దీన్ని పరీక్షల అంకెల్లో స్పష్టంగా చూడవచ్చు. కోక్ గట్టిదనాన్ని పరీక్షించే మైకమ్ డ్రమ్ములో 50 కిలోల కోక్‌ను 100 సార్లు తిప్పి, 40 మిల్లీమీటర్ల పైన మిగిలిన శాతాన్ని ఎం40 అని, 10 మిల్లీమీటర్ల లోపుకు రాలిన శాతాన్ని ఎం10 అని అంటాం కదా. ఎం40 ప్రధానంగా బీటల కథ చెబుతుంది, ఎం10 ప్రధానంగా అతుకు కథ చెబుతుంది. ఫ్లూ ఉష్ణోగ్రత పెంచినప్పుడు ఎం10 మెరుగుపడి ఎం40 పడిపోవడం చూస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. రెండు అంకెలూ ప్రక్రియలోని రెండు వేర్వేరు చోట్ల నుంచి వస్తున్నాయి. ఒకటి మెరుగై రెండోది చెడితే బొగ్గును అనుమానించే ముందు వేడిని చూడాలి, రెండూ కలిసి చెడితే అప్పుడు అతుకు దగ్గరకు, అంటే ఫ్లూయిడిటీ, డెన్సిటీ, క్రషింగ్ దగ్గరకు వెళ్లాలి.

ఇంతవరకు ఓవెన్ అంతా ఒకే వేడిలో ఉన్నట్టు మాట్లాడాను. అలా ఉండదని బ్యాటరీ మీద పనిచేసేవారికి తెలుసు. ఓవెన్ పుషర్ వైపు సన్నగా, కోక్ వైపు వెడల్పుగా ఉంటుంది, కోక్ సులభంగా బయటికి రావడానికి ఆ ఏటవాలు అవసరం. వెడల్పు ఎక్కువ ఉన్నచోట బొగ్గు ఎక్కువ ఉంటుంది కనుక అక్కడి ఫ్లూలు ఎక్కువ వేడిగా ఉండాలి. తలుపుల దగ్గరి చివరి ఫ్లూలు త్వరగా చల్లబడతాయి. ఎత్తైన ఓవెన్లలో కిందికీ పైకీ తేడా వస్తుంది. ఒక్క ఓవెన్‌లోనే ఒక మూల అతిగా కాలి, ఇంకో మూల పచ్చిగా ఉండవచ్చు. సగటు ఫ్లూ ఉష్ణోగ్రత చక్కగా ఉందని రిపోర్టు చెబుతూనే ఉంటుంది. నన్ను అడిగితే, సగటును పది డిగ్రీలు పెంచడం కంటే ఫ్లూల మధ్య తేడాను తగ్గించడం కోక్‌కు ఎక్కువ మేలు చేస్తుంది. అది శ్రమతో కూడిన పని. ఒక్కో ఫ్లూ దగ్గరికి వెళ్లి చూడాలి, బర్నర్లు, నాజిల్స్ శుభ్రం చేయాలి, పగిలిన గోడ గుండా ముడి వాయువు ఫ్లూలోకి జారుతోందేమో గమనించాలి.

ఉత్పత్తి తగ్గించమన్నప్పుడు కోకింగ్ సమయం పెంచి ఫ్లూలను చల్లబరుస్తాం. దీనికీ ఒక హద్దు ఉంది. సిలికా ఇటుక ఎక్కువ వేడిలో చాలా స్థిరంగా ఉంటుంది, తక్కువ ఉష్ణోగ్రతల్లో దాని స్ఫటిక రూపం మారి పరిమాణం ఒక్కసారిగా మారుతుంది. అందుకే ఒకసారి వేడెక్కిన బ్యాటరీని జీవితాంతం వేడిగానే ఉంచుతాం. ఫ్లూలను మరీ దించితే ముందుగా చివరి ఫ్లూలు దెబ్బతింటాయి, తలుపుల దగ్గర కోక్ పచ్చిగా వస్తుంది. పుషింగ్ తర్వాత తలుపులు ఎక్కువసేపు తెరిచి ఉంచినా అదే హాని.

ఇక చివరి ఉష్ణోగ్రత, సోకింగ్. నడిమి కోక్ 950, 1000 డిగ్రీలకు చేరగానే కోకింగ్ పూర్తయిందని అంటాం, ఆపైన మరికొంతసేపు ఉంచడాన్ని సోకింగ్ అంటాం. ఈ సమయంలో మిగిలిన హైడ్రోజన్ పోతుంది, కార్బన్ పలకలు ఇంకా క్రమంగా సర్దుకుంటాయి, గోడ వైపు కోక్‌కూ నడిమి కోక్‌కూ మధ్య తేడా తగ్గుతుంది. మిగిలిన వోలటైల్ ఒక శాతం లోపుకు దిగాలి. సోకింగ్ కుదించి రోజుకు రెండు మూడు పుష్‌లు ఎక్కువ చేయాలనే ఒత్తిడి ప్రతి బ్యాటరీ మీదా ఉంటుంది. అలా చేస్తే ఏమవుతుంది? పచ్చి కోక్ బయటికి వస్తూనే పసుపు పొగ, మంటలతో గాలిని పాడుచేస్తుంది, కుంచించుకోవడం పూర్తికాక గోడను పట్టుకుంటుంది, ఫర్నేస్‌లో కార్బన్ డయాక్సైడ్ దాడికి తొందరగా లొంగిపోతుంది. అలాగని గంటల తరబడి సోకింగ్ ఇస్తే లాభం క్రమంగా తగ్గిపోతుంది, ఇంధనం మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది.

క్వెంచింగ్, ఆ తర్వాత

బయటికి వచ్చిన కోక్ ఎర్రగా, 1000 డిగ్రీల దగ్గర ఉంటుంది. తడి క్వెంచింగ్‌లో దాన్ని రెండు నిమిషాల లోపే నీటితో చల్లారుస్తాం. పైపొర ఒక్కసారిగా కుంచించుకుంటుంది, లోపలి భాగం ఇంకా ఎర్రగానే ఉంటుంది, కొత్త బీటలు పడతాయి. ఆవిరి ఎర్రటి కార్బన్‌తో చర్య జరిపి రంధ్రాల గోడలను కొంత తినేస్తుంది. తేమ 3 నుంచి 5 శాతం వరకు మిగులుతుంది, అదీ ఒక్కో ముక్కలో ఒక్కో తీరుగా. ఫర్నేస్‌లో తూకం వేసేది తడి కోక్‌ను, పని చేసేది అందులోని కార్బన్. తేమ ఊగితే ఫర్నేస్ వేడీ ఊగుతుంది.

డ్రై క్వెంచింగ్‌లో కోక్‌ను మూసిన గదిలో వేసి, ప్రధానంగా నైట్రోజన్ ఉన్న వాయువును తిప్పుతూ 200 డిగ్రీల దగ్గరకు మెల్లగా చల్లారుస్తారు. ఆ వేడితో టన్ను కోక్‌కు సుమారు అర టన్ను ఆవిరి పుడుతుంది. ఇంధన ఆదా గురించి అందరూ చెబుతారు కనుక నేను కోక్ గురించే చెబుతాను. చల్లార్చే గది పైభాగంలో కోక్ కొంతసేపు వేడిగానే నిలుస్తుంది, అంటే ఓవెన్‌లో పూర్తికాని సోకింగ్ అక్కడ పూర్తవుతుంది. కిందికి దిగుతూ ముక్కలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. బీట ఉన్న ముక్క ఫర్నేస్‌లో విరిగే బదులు ఇక్కడే విరిగి స్క్రీన్‌లో వేరైపోతుంది. ఎం40 కొన్ని పాయింట్లు పెరుగుతుంది, ఎం10 మెరుగవుతుంది, వేడిలో పరీక్షించిన గట్టిదనమూ పెరుగుతుంది.

వేడి గట్టిదనం అన్నాను కనుక, కార్బన్ డయాక్సైడ్ దాడి తర్వాత కోక్‌లో మిగిలే గట్టిదనాన్ని చెప్పే సీఎస్‌ఆర్ గురించి ఒక మాట. జపాన్‌లో నడుస్తున్న బ్లాస్ట్ ఫర్నేసులను ఆపి, చల్లార్చి, పొరపొరగా తవ్వి చూసిన పరిశీలనల తర్వాత, చల్లని డ్రమ్ము పరీక్షలు మాత్రమే చాలవని తేలింది. నేటి పరీక్షలో సుమారు 20 మిల్లీమీటర్ల ముక్కలను 200 గ్రాములు తీసుకుని, 1100 డిగ్రీల దగ్గర రెండు గంటలు కార్బన్ డయాక్సైడ్ పంపుతారు. పోయిన బరువు శాతం, అంటే కోక్ ఎంతగా చర్య జరిపిందనే అంకె, సీఆర్‌ఐ. మిగిలినదాన్ని డ్రమ్ములో 600 సార్లు తిప్పాక 10 మిల్లీమీటర్ల పైన నిలిచిన శాతం సీఎస్‌ఆర్. పెద్ద ఫర్నేసులు 65 పైన కోరుకుంటాయి.

ప్రక్రియ ఎంత మార్చినా దాటలేని హద్దు ఇక్కడే కనిపిస్తుంది. బొగ్గు బూడిదలోని సోడియం, పొటాషియం, కాల్షియం, ఇనుము వంటివి కార్బన్‌పై కార్బన్ డయాక్సైడ్ చేసే దాడిని వేగవంతం చేస్తాయి. ఓవెన్‌లో వోలటైల్ పోతుంది కానీ బూడిద పోదు. 10 శాతం బూడిద ఉన్న బొగ్గు నుంచి 13 శాతం చుట్టుపక్కల బూడిద ఉన్న కోక్ వస్తుంది. ఫాస్ఫరస్ ఇంచుమించు అంతా కోక్‌లోనే ఉండిపోతుంది. డెన్సిటీ పెంచి, సోకింగ్ పెంచి, డ్రై క్వెంచింగ్ పెట్టి సీఎస్‌ఆర్‌ను కొంత పైకి లాగగలం. బూడిదలో ఇవి ఎక్కువగా ఉన్న బొగ్గును మాత్రం బొగ్గును కడిగే వాషరీలోనో, బ్లెండ్‌లోనో సరిచేసుకోవలసిందే.

సీఎస్‌ఆర్ హఠాత్తుగా పడిపోతే ఏం చేయాలని విరామానికి ముందు ఒక విద్యార్థి అడిగారు. నేను చూసే వరుస ఇది. మొదట నమూనా ఎక్కడి నుంచి తీశారో చూస్తాను. పుష్‌లో ఒక కొన వైపు కోక్ మాత్రమే తీసి ఉంటే ఆ అంకెకు విలువ లేదు. తర్వాత ఎం40, ఎం10 కూడా కదిలాయా లేదా చూస్తాను. అవి కదలకుండా సీఎస్‌ఆర్ ఒక్కటే పడితే బూడిద కూర్పు, బ్లెండ్ మార్పు, సోకింగ్ సమయం, ఈ మూడింటిలోనే జవాబు ఉంటుంది. ఎం10 కూడా చెడితే ఫ్లూయిడిటీ రిపోర్టును, క్రషర్ జల్లెడ రిపోర్టును, తేమ రిపోర్టును అడుగుతాను. అవి ఈరోజువి కాకూడదు. ఈరోజు బయటికొచ్చిన కోక్ నిన్న చార్జ్ చేసిన బొగ్గుది, అంతకుముందు ఎప్పుడో క్రష్ చేసి బంకర్‌లో నిలిచినది. ఒక ఓవెన్ చక్రం 16 నుంచి 24 గంటలు పడుతుంది కనుక, ఏ సెట్టింగు మార్చినా కనీసం అంతసేపు ఆగి, బ్యాటరీ మొత్తం ఒక చుట్టు తిరిగిన తర్వాతే దాని ఫలితాన్ని చదవాలి. అంతవరకు రెండో సెట్టింగును ముట్టుకోకూడదు.